బూజుకర్ర ఆగిన చోటు

దీపాలు పెట్టే వేళయితే చాలు, ఇదివరకు సూర్యకళ ఇంటి వరండాలోంచి ఫట్ ఫట్ మని చప్పుడు వినిపించేది. ఆమె భర్త వీరబాబు రైస్‌మిల్లు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, లుంగీ కట్టుకుని, దోమల బ్యాట్ పట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. దోమ చచ్చినప్పుడల్లా "అవుట్!" అని వీధి చివరిదాకా వినిపించేలా అరిచేవాడు.

"ఏంటండీ ఆ అరుపులు! ఊళ్ళో దోమలన్నిటికీ మీ పేరు తెలిసిపోయుంటది" అనేది సూర్యకళ పొయ్యి దగ్గర్నుంచి.

"తెలిసే వస్తన్నాయే. వీరబాబు చేతిలో పోతే పుణ్యలోకాలంట."

మాఘమాసంలో ఒక పొద్దున్న మిల్లుకి వెళ్ళిన మనిషి మళ్ళీ నడిచి ఇంటికి రాలేదు. గుండె ఆగిపోయిందన్నారు. ఆ రోజు నుంచీ బ్యాట్ వరండాలో మేకుకి వేలాడుతూనే ఉంది. సూర్యకళ దాన్ని ముట్టుకోలేదు. దీపాల వేళ తలుపులన్నీ మూసేసుకుని, ఒక దోమల కాయిల్ వెలిగించుకుని, దాని ఎర్రటి నిప్పుని చూస్తూ కూర్చునేది. వాకిట్లో నీళ్ళు చల్లేది కానీ ముగ్గు పెట్టేది కాదు. వంటింటి గట్టు మీద బొద్దింకలు పెళ్ళి ఊరేగింపులా తిరుగుతున్నా చీపురు తీసేది కాదు. ఒక్క మనిషికి వంటేంటి, వంటిల్లేంటి?

అలాంటి సూర్యకళ జ్యేష్ఠమాసపు ఉక్కలో, ఒంటికి చీర అతుక్కుపోతున్నా లెక్కచేయకుండా, కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని ఇల్లంతా తలకిందులు చేస్తోందంటే నిడదవోలు కాలవగట్టు వీధి వీధంతా తలుపులు తీసి చూసింది.

మనవరాలు పుట్టింది మరి!

కూతురు శ్రీదుర్గకి నెలలు నిండకుండానే రాజమండ్రి ఆసుపత్రిలో కాన్పయింది. పిల్ల అరచేతిలో పట్టేంత ఉంది. ఇన్నాళ్ళూ అద్దాలపెట్టెలో ఉంచి, ఇప్పుడిప్పుడే తల్లి పక్కన పడుకోబెట్టారు. ఆదివారం ఇంటికి తీసుకెళ్ళచ్చన్నారు డాక్టరుగారు. తొలికాన్పు పుట్టింటిది కదా, నిడదవోలే రావాలి. సూర్యకళ మెత్తటి పాత చీరలు ఉతికి బొంతలు కుట్టేసింది కూడా. అప్పుడొచ్చింది వియ్యపురాలు మంగతాయారుగారి ఫోను, కాకినాడ నుంచి.

"తప్పుగా అనుకోకండి వదినగారూ" అందావిడ. "మీ అల్లుడు రాజేంద్రకి చిన్నప్పుడు ఉబ్బసం. వాణ్ణి భుజాన వేసుకుని తెల్లార్లూ తిరిగినదాన్ని నేను. ఆ భయం నన్నింకా వదల్లేదు. పాప ఊపిరితిత్తులు పచ్చిగా ఉన్నాయి, కాయిలు వద్దు, స్ప్రేలు వద్దు, ప్లగ్గుకి పెట్టే సీసా కూడా వద్దన్నారు డాక్టరుగారు. మీదేమో కాలవ పక్క ఇల్లు. ఇవేవీ లేకుండా దోమల్ని ఎలా ఆపుతారు? మా ఫ్లాట్‌కి తీసుకొచ్చేస్తే..."

ఎవరేమన్నా "మీ ఇష్టమండి" అనడమే సూర్యకళకి తెలుసు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"ఒక్కసారి వచ్చి ఇల్లు చూడండి వదినగారూ. చూశాక మీరెలాగంటే అలాగే."

"సరేనండి. శుక్రవారం వస్తాను. దీపాలు పెట్టాక కూడా కాసేపు కూర్చుంటాను. దోమల సంగతి అప్పుడేగా తెలిసేది."

ఫోను పెట్టేసింది సూర్యకళ. భయమో సంతోషమో ఆమెకే తెలియలేదు. గబగబా వెళ్ళి పక్కింటి గోడ మీంచి కేకేసింది. "లోవమ్మా! ఓ లోవమ్మా!"

లోవమ్మ చేపలమ్ముకునే మనిషి. అప్పుడే గంప బోర్లించి నడుం వాలుస్తోంది. సూర్యకళ గొంతు అంత గట్టిగా విని చాలా నెలలైంది. కొంప మునిగిందనుకుని పరిగెత్తుకొచ్చింది. సంగతి విని నోరంతా తెరిచి నవ్వింది.

"ఇంతేనా అక్కా! పిడకల మీద వేపాకేసి, గుప్పెడు సాంబ్రాణి కొట్టామంటే దోమ కాదు, దోమ తాత కూడా కొవ్వూరు దాటేస్తది."

వేశారు. పచ్చి వేపాకు ఎక్కువైంది. ఇంట్లోంచి పొగ మేఘంలా లేచి వీధి మీద పడింది. ఎదురింటి గోపాలకృష్ణమూర్తిగారు బకెట్టుతో నీళ్ళు పట్టుకుని "ఏవమ్మా, గ్యాసా? కరెంటా?" అంటూ వచ్చేశారు. ఇద్దరాడవాళ్ళూ ముక్కులకి కొంగులు కట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే పిడకల కుంపటిని వీధిలోకి ఈడ్చారు. అదే సమయానికి దుర్గ ఫోను.

"ఆ దగ్గేంటమ్మా? పొగా? ఎందుకే! డాక్టరుగారు ఏ పొగా వద్దన్నారు. సాంబ్రాణి కూడా పొగేగా!"

"మరి నీకు నీళ్ళు పోసినప్పుడల్లా వేశానే..."

"నేను తొమ్మిదినెలలు నిండి పుట్టానే అమ్మా. ఇది తొందరపడి వచ్చేసింది."

లోవమ్మ దగ్గుతూనే అంది. "దోమలు పోలేదు గానక్కా, మనమిద్దరం పోయేవాళ్ళం."

సూర్యకళ వరండా మెట్టు మీద కూలబడింది. పొగ లేకుండా, మందు లేకుండా ఎలా? ఆలోచిస్తుంటే వీరబాబు మాటే చెవిలో వినబడింది. ఆయన మిల్లులో ధాన్యం ఆరబెట్టే డ్రైయర్ దగ్గర చేసేవాడు. గోడౌన్లో పురుగు పడితే మందు కొట్టమని అందరూ అరిచేవారట. ఆయన మాత్రం ముందు తడి ఎక్కడుందో చూడమనేవాడట. "పురుగుని చంపక్కర్లేదే. తిండీ తడీ లేకుండా చెయ్యి. అదే సంచీ సర్దుకుంటది."

సూర్యకళ లేచి నిలబడింది. తడి! ఈ ఇంట్లో తడి ఎక్కడుంది?

వెతకడం మొదలెడితే ఎక్కడ లేదు గనక! పెరట్లో కొబ్బరిచిప్పల్లో నిలిచిన నీళ్ళు, తులసికోట పక్క పళ్ళెంలో నీళ్ళు, మూలనున్న పాత టైరులో నీళ్ళు. వంగి చూస్తే సన్నని పురుగులు గిలగిలా కొట్టుకుంటున్నాయి. "ఇక్కడా మీ పురుడు!" అంటూ అన్నీ బోర్లించేసింది. స్నానాల సిమెంటు తొట్టి మాత్రం బోర్లించడానికి లేదు. లోవమ్మ పాత తువ్వాలు తీసుకుని కాలవలోకి దిగి, దోమపిల్లల్ని తినే చిట్టి చేపల్ని పట్టుకొచ్చి తొట్టిలో వదిలింది.

"అమ్మకానికి కాదక్కా. మనవరాలికి నా కానుక."

"కిటికీలకి ఏం కడదామే?"

"మా వల కట్టేద్దామా?"

"మీ వలలోంచి కాకి దూరిపోతది, దోమ ఆగుతదా!" అని సూర్యకళ నవ్వింది. నవ్వేశాక తన నవ్వు తనకే కొత్తగా వినబడి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. బజారుకెళ్ళి సన్నని మెష్ గుడ్డ తెచ్చి, ప్రతి కిటికీకీ కొలిచి, అంచులు కుట్టి, అంటుకునే పట్టీలతో బిగించింది. మంచానికి దోమతెర ఉతికి, చిరుగులు కుట్టింది.

తర్వాత వంటిల్లు. డబ్బాలన్నీ కింద పెట్టింది. కందిపప్పు ఎండలో పోసి, వేడి తగ్గాక చేతికి ఆముదం రాసుకుని గింజగింజకీ పట్టించింది. పప్పు నిగనిగలాడింది. బియ్యం డబ్బాలో ఎండిన వేపాకు, ఎండుమిరపకాయలు వేసింది. ఎండ ఉన్నంతసేపు పరుగు, మబ్బు పట్టగానే మళ్ళీ పరుగు. ఆ మబ్బులు కురిసేవీ కావు, పోయేవీ కావు, ఉక్కబెట్టి ఊరుకునేవి. సాయంత్రం వంట కాగానే గిన్నెలు తోమి, తుడిచి, బోర్లించి, సింకులోనూ గొట్టాల్లోనూ సలసల కాగే నీళ్ళు పోసి, గట్టు పొడిగుడ్డతో తుడిచి పడుకునేది. బొద్దింకలు మొదట కంగారు పడ్డాయి. తర్వాత కనబడ్డమే తగ్గింది. మూలల్లో బిరియానీ ఆకులు నలిపి పెట్టింది. బల్లికోసం గుడ్డుపెంకులు పెట్టమని ఎవరో చెబితే అవీ పెట్టింది. మర్నాడు బల్లి ఆ పెంకు మీదే కూర్చుని ఆమెని చూసింది.

"ఇదేంటక్కా, కుర్చీ వేశావా దానికి?" అంది లోవమ్మ.

చీమలదే పెద్ద పని. గోడ పగుళ్ళలో పసుపూ ఉప్పూ కలిపి కూరింది. నిమ్మచెక్కలు పిండిన నీళ్ళతో గచ్చంతా తుడిచింది. ఒక చీమలబారు తగ్గితే ఇంకోటి. బెల్లం డబ్బాని రోజూ నీళ్ళు మార్చే పళ్ళెంలో నిలబెట్టింది. ఆఖరికి గురువారం మధ్యాహ్నానికి ఇంట్లో ఒక్క చీమ లేదు. సూర్యకళ చెప్పుల్లేకుండా గదిగదికీ తిరిగింది. పాదాలకి గచ్చు చల్లగా, పొడిగా తగిలింది.

ఇక మిగిలింది బూజు. లోవమ్మ పొడుగాటి బూజుకర్ర పట్టుకుని వరండా, వంటిల్లు దులిపేసి, నడవగది తలుపు పైమూలకి కర్ర ఎత్తింది.

"ఆగు!"

లోవమ్మ బిత్తరపోయింది. తలుపు పైన, గోడా దూలం కలిసే మూల, ఎర్రమట్టితో కట్టిన చిన్న గూడు ఉంది. సన్ననడుం కందిరీగ కట్టింది. పిల్లలు ఎగిరిపోయాయి, చిల్లులు మిగిలాయి.

"ఖాళీదేగా అక్కా."

"తెలుసు. ఉండనీ."

లోవమ్మ కర్ర దించేసింది. వెళ్తూ వెళ్తూ వరండాలో బ్యాట్ మీది దుమ్ము తుడిచి, సూర్యకళ చూడకుండా ప్లగ్గుకి పెట్టింది. ఎర్రదీపం వెలిగింది. సూర్యకళ చూసింది. తియ్యలేదు.

శుక్రవారం తెల్లవారకుండానే మెలకువ వచ్చేసింది. ఎవరో లోపల్నుంచి గంట కొడుతున్నట్టుంది ఆమెకి. వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ఇంట్లోకి పోబోయి ఆగింది. ముగ్గు పెడితే? మాఘమాసం తర్వాత మొదటి ముగ్గు. చెయ్యి మరిచిపోయిందేమో అనుకుంది. మరవలేదు. శుక్రవారం ముగ్గు బియ్యప్పిండితోనే వెయ్యాలి, చీమలకింత పెట్టినట్టుంటుందని ఆమె అమ్మమ్మ నేర్పిన అలవాటు. వాకిలంతా పద్మాలు పరిచింది. గడపకి తడిపిండితో గీతలు తీర్చింది. సంతోషం చేతిలోంచి కారిపోతుంటే పిండి డబ్బా అడుగంటేదాకా ఆగలేదు.

మధ్యాహ్నం దాటాక లోవమ్మ వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"అక్కా... ఇది ముగ్గా? చీమల తిరణాలా?"

సూర్యకళ వచ్చి చూసి గుండె మీద చెయ్యేసుకుంది. వాకిట్లో పద్మాలన్నీ కదులుతున్నాయి. ఇంట్లోంచి తరిమిన చీమలతోపాటు చుట్టాలూ పక్కాలూ అందరూ వచ్చారు. గడప మీది పిండిగీతల వెంబడి ఒక బారు చక్కగా లోపలికి దారి తీసింది. 

"వారం రోజులు పస్తు పెట్టి, ఇవాళ సంతర్పణ చేశావా!" లోవమ్మ పడీపడీ నవ్వుతోంది.

"నవ్వు తర్వాత, నీళ్ళు తే!"

గడప కడిగారు, ఉప్పూ నిమ్మరసం వేసి తుడిచారు. వాకిట్లో వాటిని తొక్కడానికి సూర్యకళకి కాళ్ళాడలేదు. పిలిచి పెట్టి చంపుతామా! మిగిలిన కాస్త పిండిలో బెల్లం కలిపి గేటు అవతల గన్నేరుచెట్టు మొదట్లో పోసింది. చీమలు ఆలోచిస్తున్నట్టు ఆగి, ఒక్కొక్కటే అటు మళ్ళుతున్నాయి. అంతలో ఆటో ఆగింది.

మంగతాయారుగారు దిగింది. నుదుటి చెమట తుడుచుకుంటూ వాకిలి చూసింది, గన్నేరుచెట్టు చూసింది, చేతిలో పిండిగిన్నెతో నిలబడిపోయిన వియ్యపురాల్ని చూసింది.

"బియ్యప్పిండి ముగ్గా వదినగారూ?"

"అవునండి... పొరపాటైపోయింది..."

"మా గుమ్మానికి స్టిక్కరు ముగ్గు. పదేళ్ళైనా చీమ తొంగిచూడదు, లక్ష్మీదేవి సంగతి నాకు తెలీదు" అంటూ చీర కాస్త ఎత్తిపట్టుకుని, చీమలబారుని తొక్కకుండా దాటి లోపలికొచ్చింది.

కూర్చోలేదావిడ. ముందు పాప పడుకునే మంచం చూసింది, దోమతెర చేత్తో తడిమింది. సింకు కింద తలపెట్టి చూసింది. బీరువా తెరిచింది.

"బట్టల్లో కలరా ఉండలు పెట్టలేదు కదా? పసిబిడ్డలకి అవి పడవంట."

"లేదండి. ఎండువేపాకూ లవంగాలూ మూటకట్టి పెట్టాను."

తొట్టిలో చేపల్ని చూసి మాత్రం ఆవిడ చిన్నపిల్లలా వంగింది. "పాపకి బొమ్మలు కూడా రెడీయే!"

దీపాల వేళైంది. ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. మంగతాయారుగారు మోచేతుల దాకా చీరకొంగు తీసేసి, చేతులు ముందుకు చాచుకుంది, కుట్టేదేదో కుట్టండి అన్నట్టు. కాఫీ అయింది. కబుర్లయ్యాయి. ఒక్క దోమ రాలేదు. ఎదురింటి కిటికీలోంచి గోపాలకృష్ణమూర్తిగారు చూస్తున్నారు. గోడ మీంచి లోవమ్మ తల కనిపిస్తోంది.

కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. ఒక్కసారిగా ఉక్క మీద పడింది. కాలవ వైపు నుంచి కప్పల అరుపులు. తర్వాత ఆ చప్పుడు. సన్నగా, మంగతాయారుగారి చెవి పక్కన. గుయ్...

"వదినగారూ, వచ్చిందండీ" అంది ఆవిడ.

సూర్యకళ చెయ్యి ఆమెని అడగలేదు. ప్లగ్గుకున్న బ్యాట్ వైపు వెళ్ళింది. ఇన్ని నెలలూ ముట్టుకోని పిడి అరచేతిలోకి వచ్చింది. వీరబాబు వేళ్ళు పట్టిపట్టి అరిగిన చోటే ఆమె వేళ్ళు కూర్చున్నాయి. చీకట్లో చెవితోనే వెతికింది. ఊపింది.

ఫట్! నీలంగా చిన్న మెరుపు.

"అవుట్!" గోడ మీంచి లోవమ్మ అరిచింది.

సూర్యకళకి గొంతులో ఏడుపూ నవ్వూ రెండూ తోసుకుంటూ వచ్చాయి. నవ్వే ముందు బయటపడింది. ఆ వెనకే కళ్ళ నీళ్ళు. మంగతాయారుగారు కూడా నవ్వడం మొదలెట్టింది, ఎందుకో తెలియకుండానే. ఇంకోటి వచ్చింది. ఫట్! ఈసారి "అవుట్!" ఎదురింటి కిటికీలోంచి. కరెంటు వచ్చేదాకా వచ్చిన ఒకటీ అరా అలాగే పోయాయి. పొగ లేదు, మందు లేదు.

"బాగుందండీ" అంది మంగతాయారుగారు లేచి. "కాలవ పక్క కొంప, కష్టమనుకున్నాను. పాపని ఇక్కడికే తీసుకొద్దాం." చెప్పులేసుకోబోతూ నడవగది తలుపు పైకి చూసింది. "ఆ మట్టిగూడొక్కటి దులిపించేయండి. పురుగుది కదా. అదొక్కటీ తీసేస్తే ఆదివారం ఇక్కడే దిగుతాం."

అలాగేనండి అంటే అయిపోయేది. లోవమ్మ గోడ మీంచి అనమన్నట్టు తల ఊపుతోంది. సూర్యకళ చీరకొంగు వేళ్ళకి చుట్టుకుంది, విప్పుకుంది.

"అది తియ్యనండీ వదినగారూ."

తన గొంతు అంత గట్టిగా వచ్చినందుకు తనే అదిరిపడింది. పాప చేతిలోంచి జారిపోతోందనిపించింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

"దీపావళికి దుర్గ వచ్చినప్పుడు కట్టిందండి కందిరీగ. ఆయనే చూశారు ముందు. ఇంట్లో ఇది గూడు కడితే ఆడపిల్ల నీళ్ళోసుకున్నట్టేనే అన్నారు. దుర్గకే తెలీదండి అప్పటికి. నల్లమట్టైతే మగపిల్లాడు, ఎర్రమట్టైతే ఆడపిల్లంట. మన చుట్టూ అంతా నల్లమట్టేగా, ఎర్రమట్టి ఎక్కడిదని వీధంతా వెతికారు. రోడ్డుకని మెట్ట నుంచి లారీలో తోలిన ఎర్రమట్టి గుట్ట కాలవ మలుపులో ఉంది. అంత దూరం నుంచి మోసుకొచ్చిందే మన మనవరాలి కోసం అని అందరికీ చూపించారు." ఆమె గూడు వైపు తలెత్తింది. "పాపని ఆయన చూడలేదండి. దీన్నే చూశారు."

మంగతాయారుగారు చెప్పులు విడిచేసి మళ్ళీ లోపలికొచ్చింది. తలుపు కింద నిలబడి, మెడ ఎత్తి, ఆ గూడుని చాలాసేపు చూసింది.

"ఖాళీదేనా?"

"ఖాళీదేనండి. పిల్లలు ఎగిరిపోయాయి."

"మా అత్తగారు కూడా ఇదే చెప్పేదండోయ్. ఎర్రమట్టి, ఆడపిల్ల." ఆవిడ ముక్కు చీదుకుంది. "ఉంచండి. ఉండాల్సిందే. పాపకి కాస్త వయసొచ్చాక ఎత్తుకుని చూపించాలి కదా, మీ తాత నిన్ను ముందే చూశాడే అని."

గోడ అవతల లోవమ్మ ఎవరికో చెబుతూ వీధంతా పరిగెత్తింది. "వస్తంది! మన ఇంటికే వస్తంది!"

ఆదివారం తెల్లారగానే సూర్యకళ ఇల్లంతా మళ్ళీ ఒకసారి దులిపింది. వంటిల్లు, వరండా, మంచం చుట్టూ. నడవగది తలుపు దగ్గరికి వచ్చేసరికి గూడు పక్కనే కొత్తగా ఒక సాలీడు బూజు అల్లి ఉంది. బూజుకర్ర పైకెత్తి, గూటికి తగులుతుందేమోనని చూసింది. దించేసింది. ఆ బూజు ఆ మూలలోనే ఉండిపోయింది. కర్రని పెరటిగోడకి ఆనించి, బిడ్డ స్నానానికి నీళ్ళు కాచడానికి వంటింట్లోకి వెళ్ళింది.